ఉల్లిపొరలో హరితరేణువులు గీయకండి

(మా పట్టణ గ్రంథాలయంలో ఒక ఆదివారం ఉదయం, జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? లేదా? ఫ్యాన్ చప్పుడు. ఆ మూల ఫ్యాన్ ఒకటి ఆపెయ్యి బాబూ, మరీ ఉక్కపోస్తే మళ్ళీ వేద్దాం.

కణం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలొస్తారు, వాళ్ళ అమ్మానాన్నలూ వస్తారు అన్నారు. ముప్పై ఏళ్ళు ఇదే పాఠం చెప్పాను. ముప్పై ఏళ్ళూ ఒకే బొమ్మ దిద్దాను. ఆ బొమ్మ మీకు తెలుసు. ఒక పెద్ద గుండ్రం, లోపల ఒక చిన్న గుండ్రం, దాని పక్కన మడతలు మడతలుగా గీతలు, చిక్కుడు గింజలాంటిది ఒకటి, చుట్టూ చుక్కలు. కుడిపక్క స్కేలు పెట్టి గీతలు లాగి పేర్లు రాయడం. ఆ గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. దాటితే అర మార్కు కోత. అవునా కాదా?

ఆ అర మార్కులు కోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆ బొమ్మ చెప్పని సంగతి ఒకటి చెప్పి, ఆ పాపం కొంతైనా కడుక్కుందామని వచ్చాను.

బొమ్మలో ఉన్నదేదీ అబద్ధం కాదు. కానీ దాన్ని చూస్తే ఎవరో ఒక్క రోజులో అన్నీ అమర్చిపెట్టినట్టు ఉంటుంది. మన కణం అలా వచ్చింది కాదు. అది ఉమ్మడి ఇల్లు. బయటినుంచి వచ్చి చేరినవాళ్ళు ఉన్నారు అందులో. చేరినవాళ్ళకి పాత అలవాట్లు ఇంకా పోలేదు. మనం మింగే కొన్ని మాత్రలకి ఆ పాత అలవాట్లు బాగా తెలుసు. మాత్రల దాకా తర్వాత వస్తాను. ముందు దోసెల పిండి దగ్గర మొదలుపెడదాం.

నిన్న రాత్రి పిండి రుబ్బినవాళ్ళు ఎంతమంది? చూశారా, సగం చేతులు లేచాయి. తెల్లారేసరికి పిండి పొంగింది, పులిసింది. ఎవరు పులియబెట్టారు? చాలావరకు బాక్టీరియా. పెరుగు తోడుకునేదీ బాక్టీరియా వల్లనే. మరి కల్లు పులిసేది? అది ఎక్కువగా ఈస్టు పని. బ్రెడ్డు పొంగేది కూడా ఈస్టు వల్లే. రెండూ ఏకకణ జీవులే, రెండూ కంటికి కనబడవు. కాబట్టి అన్నదమ్ములు అనుకుంటాం. కాదు. ఈస్టుకి బాక్టీరియా కంటే మీరూ నేనూ దగ్గర చుట్టాలం. నవ్వకండి, నిజం.

తేడా ఎక్కడుంది? బాక్టీరియాది ఒంటిగది ఇల్లు. వంటా అక్కడే, పడకా అక్కడే, డీఎన్ఏ కూడా ఆ గదిలోనే ఒక పక్కన పడి ఉంటుంది. దాన్ని కేంద్రకపూర్వ కణం అంటాం. ఈస్టుకి గదులున్నాయి. డీఎన్ఏ చుట్టూ పొర ఉంది, అంటే అసలైన కేంద్రకం ఉంది. అందుకని నిజకేంద్రక కణం. మనం, మేక, మర్రిచెట్టు, పుట్టగొడుగు, తామర పుట్టించే ఫంగస్, మలేరియా క్రిమి, అన్నీ ఈ గదుల ఇంటివాళ్ళే. ఈ చుట్టరికం వల్ల ఒక చిక్కు కూడా ఉంది. పెన్సిలిన్ బాక్టీరియా కణకవచాన్ని కట్టనివ్వదు, మనకి ఆ కవచమే లేదు కాబట్టి మన కణాల జోలికి రాదు. తామర ఫంగస్ అలా కాదు, అది చాలా విషయాల్లో మనలాంటిదే. దాన్ని మాత్రమే కొట్టి మనల్ని వదిలేసే మందు దొరకడం కష్టం. మందుల షాపులో అడిగి ఏదో ఒక ట్యూబు తెచ్చి రాసేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంటే తామర తగ్గినట్టే తగ్గి ఇంకా పాకుతుంది.

సైజు కూడా చూడండి. మిల్లీమీటరులో వెయ్యో వంతుని మైక్రాన్ అంటాం. బాక్టీరియా ఒకటి రెండు మైక్రాన్లు. మన కణాలు చాలావరకు పది నుంచి ముప్పై మైక్రాన్లు. పదింతలు పొడుగంటే లోపలి జాగా ఎన్నింతలు? పది కాదమ్మా, వెయ్యి. పదిని మూడుసార్లు హెచ్చవెయ్యాలి. అంత జాగా ఒకే గదిగా ఉంటే గందరగోళమే. అందుకని అడ్డుగోడలు కావాలి.

అడ్డుగోడ ఎందుకో తెలియాలంటే లైసోజోమ్‌ని చూస్తే చాలు. అదొక సంచి. లోపల పులుపు, పీహెచ్ 5 దాకా ఉంటుంది. బయట కణద్రవ్యంలో 7 కాస్త పైన. ఆ పులుపులో పనిచేసే ఎంజైములు ప్రోటీన్లనీ కొవ్వుల్నీ ముక్కలు చేస్తాయి. పాడైన కణాంగాలూ, కణం మింగిన బాక్టీరియా, అన్నీ అక్కడికే చేరతాయి. ఆ సంచి చిరిగితే? క్వారీల్లో, రాయి కొట్టే మిల్లుల్లో పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తుల్లో జరిగేది అదే. రాతిపొడి లోపలికి పోతుంది. ఊపిరితిత్తుల్లోని కాపలా కణాలు దాన్ని బాక్టీరియా అనుకున్నట్టే మింగి లైసోజోములోకి తోస్తాయి. సిలికా జీర్ణం కాదు. సంచి పొరని పాడుచేస్తుంది. లోపలిది బయటపడుతుంది, కణం చస్తుంది. ఆ రాతి రేణువు మళ్ళీ బయటికొచ్చి పడుతుంది, ఇంకో కణం వచ్చి మింగుతుంది. మళ్ళీ అదే కథ. అలా ఊపిరితిత్తి మచ్చకట్టి బిగుసుకుపోతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. గుడ్డ కట్టుకోమని, నీళ్ళు చల్లమని చెప్పేది ఊరికే కాదు.

లైసోజోమ్ పేరెత్తితే వాట్సాప్ గుర్తొస్తుంది నాకు. ఏకాదశి ఉపవాసం ఉంటే కణాలు తమ చెత్తని తామే తినేస్తాయని, దానికి జపాన్ శాస్త్రవేత్తకి నోబెల్ ఇచ్చారని ఒక మెసేజ్. మీకూ వచ్చే ఉంటుంది. యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చిన మాట నిజం. ఆయన పనిచేసింది ఈస్టు మీద. ఈస్టుకి తిండి లేకుండా చేస్తే తన భాగాలనే సంచిలోకి పంపి కరిగించుకుని వాడుకోవడం చూశాడు, ఏ జన్యువులు ఆ పని చేయిస్తాయో పట్టుకున్నాడు. మన కణాల్లోనూ ఆ ఏర్పాటు ఉంది. అంతవరకే. ఏకాదశి గురించి ఆయనేమీ చెప్పలేదు. ఉపవాసం ఉండాలంటే భక్తితో ఉండండి, నోబెల్ సాక్ష్యం ఎందుకు?

సరే, కేంద్రకం. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాల్లో దాన్ని గమనించి పేరు పెట్టాడు. మన ఒక్కో కణంలో డీఎన్ఏ మొత్తం సాగదీస్తే రెండు మీటర్లు. నాకంటే పొడుగు. అది పట్టే కేంద్రకం అడ్డుకొలత ఐదారు మైక్రాన్లు. హిస్టోన్ అనే ప్రోటీన్ ఉండల చుట్టూ దారం చుట్టినట్టు చుట్టి పెట్టి ఉంటుంది. కేంద్రకం ఏం చేస్తుందని అడిగితే పిల్లలందరూ ఒకటే రాస్తారు, ‘కణానికి మెదడు వంటిది’. దయచేసి అలా రాయకండి. మెదడు ఆలోచిస్తుంది, కేంద్రకం ఆలోచించదు. అది రికార్డు రూము. తహసీల్దారు ఆఫీసులో అసలు రికార్డు బయటికి ఇస్తారా? ఇవ్వరు. నకలు ఇస్తారు. ఇక్కడా అంతే. డీఎన్ఏ గది దాటదు. కావలసిన పేజీకి ఆర్ఎన్ఏ నకలు తయారై, కేంద్రక పొరలో ఉన్న వేల రంధ్రాల్లో ఏదో ఒకదానిగుండా బయటికొస్తుంది. తహసీల్దారు ఆఫీసుకంటే ఇక్కడ పని తొందరగా అవుతుందనుకోండి.

బయటికొచ్చిన నకలు ఏమవుతుంది? దీనికి ఊరికే గాల్జీ సంక్లిష్టం, అంతర్జీవద్రవ్యజాలం అని పేర్లు వల్లె వేస్తే నిద్రొస్తుంది. రెండూ కణం లోపలి పొరల అల్లికలే, సరుకు తయారై సర్దుకునే చోట్లు. మీ ఇళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళు ఉన్నారా? చేతులెత్తకండి, ఉంటారు. ఇన్సులిన్ వెంబడి వెళ్దాం.

క్లోమంలో బీటా కణాలున్నాయి. ఇన్సులిన్ నకలు కేంద్రకంలోంచి వచ్చి రైబోజోమ్‌కి దొరికింది. రైబోజోమ్ అంటే ప్రోటీన్ అల్లే యంత్రం. నకలు చూసుకుంటూ అమైనో ఆమ్లాలని పూసలు గుచ్చినట్టు ఒక్కొక్కటిగా తగిలిస్తుంది. మొదట వచ్చే 24 అమైనో ఆమ్లాలు ఇన్సులిన్ కోసం కావు. అవి చిరునామా చీటీ. ‘ఈ సరుకు బయటికి పోయేది, అంతర్జీవద్రవ్యజాలంలోకి తీసుకెళ్ళండి’ అని. ఆ చీటీ చూడగానే రైబోజోమ్ వెళ్ళి ఆ జాలం గోడకి అతుక్కుంటుంది, గొలుసు లోపలికి దూరుతుంది. దూరగానే చీటీ కత్తిరిస్తారు. ఈ చీటీల సంగతి తేల్చినందుకే గుంటర్ బ్లోబెల్‌కి 1999లో నోబెల్. మీ బొమ్మలో ఆ జాలం మీద చుక్కలు పెడతారే, గరుకు అంటారే, ఆ చుక్కలు ఇవే. పుట్టుకతో అతుక్కున్నవి కావు. చీటీ చదివి వచ్చి వాలినవి, పని అయ్యాక లేచి పోయేవి. బొమ్మలో అది తెలుస్తుందా? తెలియదు.

ఇప్పుడు మిగిలింది 86 అమైనో ఆమ్లాల గొలుసు. జాలం లోపల అది సరిగ్గా మడత పడాలి, మూడు చోట్ల గంధకం బంధాలతో బిగియాలి. మడత కుదరకపోతే అక్కడే ఆపేస్తారు. కుదిరితే చిన్న బుడగలో ఎక్కి గాల్జీకి వెళుతుంది. 1898లో కామిల్లో గాల్జీ నాడీకణాల్లో దీన్ని చూసి చెప్తే, అది కణంలో ఉన్నది కాదు, నువ్వు వేసిన రంగు చేసిన మరక అన్నవాళ్ళు చాలామంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చేదాకా ఆ తగువు తీరలేదు. గాల్జీలోంచి ఇంకో బుడగలోకి. ఆ బుడగలో గొలుసు మధ్యలో ఒక ముక్క కోసేస్తారు. మిగిలిన 51 అమైనో ఆమ్లాలు ఇన్సులిన్. కోసిన ముక్క, కోత అంచుల్లో నాలుగు పోగా 31 అమైనో ఆమ్లాలది, దానికి సి-పెప్టైడ్ అని పేరు.

ఈ పేరు విన్నట్టుందా? ల్యాబులో ‘సి-పెప్టైడ్ టెస్ట్’ రాస్తారు డాక్టర్లు. ఎందుకు? ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునే మనిషి రక్తంలో ఇన్సులిన్ కొలిస్తే, అది సొంతదో సూదిలోదో చెప్పడం కష్టం. సూదిలో సి-పెప్టైడ్ ఉండదు. అది ఉందంటే ఆ మనిషి క్లోమంలో ఏదో ఒక బీటా కణం ఇంకా ఆ బుడగలో కత్తిరింపు పని చేస్తోందన్నమాట. ఒక కణాంగంలో పడిన చిత్తు కాగితం లెక్కపెట్టి లోపల ఎంత పని జరుగుతోందో కనుక్కుంటున్నాం. నాకైతే ఇది ఎన్నిసార్లు చెప్పినా ముచ్చటగానే ఉంటుంది.

ఈ బుడగలు ఊరికే తేలుకుంటూ పోవు. కణంలో సూక్ష్మనాళికలు దారులుగా పరిచి ఉంటాయి. వాటి మీద కైనెసిన్ అనే ప్రోటీన్ రెండు కాళ్ళతో, నిజంగానే ఒక కాలు తర్వాత ఒక కాలు వేస్తూ, బుడగని మోసుకుని నడుస్తుంది. ఒక్కో అడుగు 8 నానోమీటర్లు. అడుగుకి ఒక ఏటీపీ ఖర్చు. ఏటీపీ అంటే కణంలో పనులకి శక్తినిచ్చే అణువు. కణం ఒక ఫ్యాక్టరీ అని పుస్తకాల్లో ఉంటుంది. ఫ్యాక్టరీకి ఓనరుంటాడు, మేనేజరుంటాడు. ఇక్కడెవరున్నారు? ఎవరూ లేరు. చీటీలున్నాయి, చీటీకి అతుక్కునేవి ఉన్నాయి. అంతే.

మొక్క కణం గురించి ఒక్క నిమిషం, ఎందుకంటే నేను బాటనీవాణ్ణి, చెప్పకపోతే నిద్రపట్టదు. కణకవచం, పెద్ద రిక్తిక అనే నీళ్ళ సంచి, ఎండతో ఆహారం తయారుచేసే పచ్చటి హరితరేణువులు, ఇవి అదనం. వాడిన కొత్తిమీర కట్ట నీళ్ళలో పెడితే గంటలో లేచి నిలబడుతుంది కదా? రిక్తికలు నీళ్ళతో నిండి కవచం మీదికి నెట్టడమే అది. హరితరేణువులు ఆకులో ఉంటాయి, పచ్చని కాడల్లో ఉంటాయి. ఉల్లిగడ్డ లోపలి తెల్లపొరలో ఉండవు. భూమిలో, చీకట్లో ఉన్న పొర అది. పచ్చగా ఉందా? లేదు. అయినా ఏటా సగం ప్రాక్టికల్ రికార్డుల్లో ఉల్లిపొర కణంలో ఆకుపచ్చ పెన్సిలుతో హరితరేణువులు గీసి తెచ్చేవాళ్ళు. పాఠ్యపుస్తకం చూసి గీస్తే అదే వస్తుంది, మైక్రోస్కోప్‌లో చూసి గీస్తే రాదు.

ఇక చిక్కుడు గింజ. మైటోకాండ్రియా. ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చుందాం.

ఇందాక ఏటీపీ అన్నాను. ఈ మాట ప్రపంచానికి తెలియడంలో మనవాడి చెయ్యి ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. పరీక్ష తప్పినవాళ్ళెవరైనా ఈ హాల్లో ఉంటే వినండి. అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి తయారుచేశారు, 1925లో అచ్చయింది. మేము బీఎస్సీలో ఉండగా ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటే ఆ సుబ్బారావు తెలుగాయన అని మా క్లాసులో ఎవరికీ తెలియదు. ఆ పద్ధతితో కండరంలో భాస్వరం ఏయే రూపాల్లో ఉందో వెతికారు. ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. తర్వాత 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుక్కున్నాడు. ఇద్దరికీ ఆ ఘనత ఉంది.

మన ఒంట్లో ఒక క్షణంలో ఉండే ఏటీపీ వంద గ్రాములు అటూ ఇటూ. రోజంతా ఖర్చయ్యేది? దాదాపు మన బరువంత. ఎలా కుదురుతుంది? చేతులు మారుతుంది. పది రూపాయల నోటు ఒకటే సంతలో పొద్దున్నించి సాయంత్రం దాకా తిరిగినట్టు. వాడిందాన్ని మళ్ళీ మళ్ళీ నింపేది ఎక్కువగా మైటోకాండ్రియా. దాని లోపలి పొరకి ఒక పక్క ప్రోటాన్లు పోగేస్తుంది, సాగర్ డ్యాములో నీళ్ళు నిలబెట్టినట్టు. వాటిని ఒక సన్నటి దారిగుండా వదిలితే అక్కడున్న ఎంజైమ్ టర్బైన్‌లా గిర్రున తిరుగుతుంది. పోలిక కోసం అనడం లేదు, నిజంగానే తిరుగుతుంది. ఆ తిరుగుడులో ఏటీపీ తయారవుతుంది. గుండె కండర కణంలో మూడో వంతు జాగా వీటిదే. ఎర్ర రక్తకణంలో ఒక్కటీ లేదు. ఊరందరికీ ఆక్సిజన్ మోస్తుంది, తాను ఒక్క చుక్క వాడుకోదు. పాలమ్మేవాడు ఇంట్లో మజ్జిగతో సరిపెట్టుకున్నట్టు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మైటోకాండ్రియాకి సొంత డీఎన్ఏ ఉంది. ఇల్లంతటికీ రికార్డు రూము ఒకటుంటే వీడికి విడిగా పెట్టె ఎందుకు? అదీ గుండ్రటి డీఎన్ఏ, బాక్టీరియాకి ఉన్నట్టు. సొంత రైబోజోములు, అవీ బాక్టీరియా తరహావి. రెండుగా చీలి పెరుగుతుంది, బాక్టీరియాలాగే. చుట్టూ రెండు పొరలు. 1967లో లిన్ మార్గులిస్ అనే ఆవిడ ఇది ఒకప్పటి బాక్టీరియానే అని రాసింది. ఆ వ్యాసాన్ని పదిహేను పత్రికల దాకా తిప్పి పంపాయి. అంతకు ముందు కూడా ఒకరిద్దరు అన్నారు, ఎవరూ వినలేదు. తర్వాత డీఎన్ఏ అక్షరాలు చదవడం వచ్చాక పోల్చి చూస్తే ఆవిడ మాటే నిలబడింది. హరితరేణువు కూడా అంతే, అది ఎండతో ఆహారం చేసుకునే సయనోబాక్టీరియా సంతతి.

దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ళ కిందట ఒక కణంలోకి ఇంకో కణం చేరింది. మింగబోయిందా, అదే దూరిందా, ఎవరు చూశారు? మొత్తానికి అరగలేదు. ఇల్లరికపు అల్లుడిలా ఉండిపోయింది. వచ్చేటప్పుడు వేల జన్యువులతో వచ్చి ఉంటుంది. కొన్ని పోయాయి, చాలావాటిని కేంద్రకానికి అప్పగించింది. మనిషి మైటోకాండ్రియాలో ఇప్పుడు మిగిలినవి 37. మొత్తం 16,569 అక్షరాలు, 1981లో చదివేశారు. ఇంటి పత్రాలన్నీ మామగారి బీరువాలో పెట్టాక ఇక పుట్టింటికి తిరిగి వెళ్ళేదెక్కడ? బయట పడేస్తే ఒక్క రోజు బతకదు. అది లేకపోతే మనమూ బతకం.

ఇక మాత్రలు. బాక్టీరియా రైబోజోమ్‌ని ఆపే మందులు చాలా ఉన్నాయి. మన రైబోజోములు వేరు కాబట్టి మనకేమీ కాదు, అంటాం. మరి ఇంట్లో ఉన్న ఈ పాత బాక్టీరియా సంగతి? ఒకప్పుడు టైఫాయిడ్‌కి క్లోరామ్‌ఫెనికాల్ బాగా వాడేవాళ్ళు. ఎక్కువ మోతాదులో వాడితే ఎముక మూలుగలో రక్తం తయారీ మందగించేది. కారణం మైటోకాండ్రియా రైబోజోములూ ఆగడమే. ఇప్పుడు మొండి టీబీకి లినెజోలిడ్ ఇస్తున్నారు. ఇచ్చినప్పుడు రక్త పరీక్షలు చేస్తారు, చూపు తగ్గిందా అని అడుగుతారు. అదే కారణం. జెంటామైసిన్ లాంటి ఇంజెక్షన్లు కొన్ని కుటుంబాల్లో మామూలు మోతాదుకే వినికిడి పోగొడతాయి. ఆ కుటుంబాల్లో మైటోకాండ్రియా డీఎన్ఏలో 1555వ అక్షరం మారి ఉంటుంది. ఆ మార్పు వల్ల వాళ్ళ మైటోకాండ్రియా రైబోజోమ్ బాక్టీరియా దానికి ఇంకా దగ్గరగా కనబడుతుంది. మందు పొరబడుతుంది. మైటోకాండ్రియా తల్లినుంచే వస్తుంది కాబట్టి ఈ గుణం అమ్మ, అమ్మమ్మ, మేనమామ, ఈ వరసలోనే కనబడుతుంది. సూది వేయించుకున్నాక చెవుడొచ్చినవాళ్ళు అమ్మ తరఫున ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి. చెప్పమంటున్నాను, అంతేగానీ ఇది విని ఇంటికెళ్ళి ఎవరూ మందులు మానొద్దు. ముఖ్యంగా టీబీ మందులు.

ఈ తల్లి వరస పట్టుకునే హైదరాబాద్‌లో కణాల మీద పరిశోధన చేసే సంస్థ సీసీఎంబీ వాళ్ళు అండమాన్ ఆదివాసుల మైటోకాండ్రియా డీఎన్ఏ చదివారు. వాళ్ళు ఆఫ్రికానుంచి మొదట బయల్దేరిన మనుషుల పాత శాఖ అని 2005లో తేల్చారు. అది ఇంకో రోజుకి దాచుకుందాం.

ఇంకొక్కటే చెప్పి ఆపుతాను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం ఇంకా ఉంది, వెళ్ళి చూడొచ్చు. రాస్ చూసిన ఆ క్రిమి కూడా నిజకేంద్రక కణమే. దానిలోపల ఒక చిన్న సంచి ఉందని 1990లలో తెలిసింది. నాలుగు పొరల సంచి, సొంత డీఎన్ఏతో. ఏమిటా సంచి? పాత హరితరేణువు! రక్తంలో బతికే క్రిమిలో హరితరేణువెందుకు? దాని పూర్వీకులు ఎప్పుడో ఒక ఎర్ర శైవలాన్ని, అంటే ఒక రకం నాచుని, లోపల చేర్చుకున్నాయి. ఆ శైవలం లోపల అప్పటికే ఒక సయనోబాక్టీరియా కాపురం ఉంది. ఇంట్లో ఇల్లు, అందులో ఇంకో ఇల్లు. అందుకే నాలుగు పొరలు. ఎండతో పనిలేదు, పచ్చదనం పోయింది. కానీ కొన్ని రసాయనాలు తయారుచెయ్యడానికి అదింకా కావాలి. డాక్సీసైక్లిన్ బాక్టీరియా మందు కదా, మలేరియాకి ఎలా పనిచేస్తుంది? ఆ సంచిలో ఉన్న పాత బాక్టీరియా రైబోజోమ్‌ని పట్టుకుంటుంది. రాస్‌కి ఇది తెలిసే వీలే లేదు.

చాలు. ఫ్యాన్ వెయ్యి బాబూ. వరండాలో మూడు మైక్రోస్కోపులు పెట్టారు. ఒకదాంట్లో ఉల్లిపొర ఉంది, ఒకదాంట్లో హైడ్రిల్లా అనే నీటిమొక్క ఆకు. మూడోదాని దగ్గర అమ్మాయి మీ బుగ్గ లోపల పుల్లతో మెల్లగా గీకి, నీలం రంగు వేసి మీ కణాలే మీకు చూపిస్తుంది. నీలం చుక్కలా కనబడేది కేంద్రకం. మైటోకాండ్రియా ఆ మైక్రోస్కోప్‌లో కనబడదు. కనబడిందని రికార్డులో రాయకండి. పిల్లలు ముందు, పెద్దవాళ్ళు తర్వాత. తోసుకోకండి.